చదవదు, చదవనని చెప్పదు

జావాకు నోరెక్కువ. ఇది నేను మోపుతున్న నింద కాదు, ఆ భాష తన గురించి తానే గొప్పగా చెప్పుకునే సంగతి. ఫైలు తెరవబోతే ‘అది అక్కడ లేకపోతేనో?’ అంటుంది. నెట్‌వర్కు ముట్టుకోబోతే ‘మధ్యలో తెగితేనో?’ అంటుంది. ప్రతి అనుమానానికీ ఒక ఎక్సెప్షన్, ప్రతి ఎక్సెప్షన్‌కూ బారెడు పేరు. ఆ పేరు కోడ్‌లో రాసి, పూచీ నాదేనని ఒప్పుకుంటే తప్ప కంపైలర్ గడప దాటనివ్వదు. శుభమా అని పని మొదలుపెట్టినవాడి ముందు అపశకునాలు పలకడంలో దీన్ని మించిన భాష లేదు. అలాంటి జావా ఒక్కచోట మాత్రం మౌనవ్రతం పడుతుంది: తనకు తెలియని రకం బొమ్మను చేతిలో పెట్టినప్పుడు.

బొమ్మలు చదవడానికి జావాలో ఇమేజ్‌ఐఓ అని ఒక విభాగం ఉంది. 2002లో 1.4 వెర్షన్‌తో వచ్చింది. అందులోని ‘రీడ్’ మెథడ్‌ను పిలవాలంటే ఐఓ ఎక్సెప్షన్‌ను పట్టుకుంటానని ముందే రాసివ్వాలి. రాసిస్తాం. ఫైలు దొరక్కపోతే ఆ ఎక్సెప్షన్ వస్తుంది. న్యాయమే. మరి ఫైలు ఉంది, బొమ్మ నిక్షేపంగా ఉంది, ఫార్మాట్ మాత్రం దానికి రాదు. అప్పుడేం వస్తుంది? ఎక్సెప్షన్ రాదు. హెచ్చరిక రాదు. లాగ్‌లో ఒక్క ముక్క పడదు. నల్ వస్తుంది. అది బొమ్మా కాదు, బొమ్మ చదవలేకపోయానన్న మాటా కాదు.

ఇదేదో హడావుడిలో మిగిలిపోయిన లోపం అనుకోకండి. ఏ రీడరూ ‘ఈ బొమ్మ నేను చదవగలను’ అని ముందుకు రాకపోతే నల్ ఇస్తామని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. చెప్పి మరీ చేస్తున్నారు. నల్ రెఫరెన్స్‌ను 1965లో కనిపెట్టిన టోనీ హోర్ 2009లో నలుగురి ముందూ నిలబడి, అది నేను చేసిన బిలియన్ డాలర్ల తప్పు అని లెంపలేసుకున్నాడు. పెద్దమనిషి. ఆయన లెంపలేసుకున్నాక కూడా ఇమేజ్‌ఐఓ ఆ తప్పును ఆనవాయితీగా పాటిస్తూనే ఉంది.

నల్ వచ్చిన చోట ఏమీ పేలదు, అదీ దీని తమాషా. దాన్ని పుచ్చుకున్న మెథడ్ ఇంకో మెథడ్‌కు అందిస్తుంది, అది మరోదానికి. నాలుగు ఫైళ్ళ అవతల ఏ పాపమూ తెలియని ఒక లైను ‘బొమ్మ వెడల్పు ఎంత?’ అని అడుగుతుంది. నల్ పాయింటర్ ఎక్సెప్షన్! అప్పుడు తిరిగొస్తుంది జావాకు పోయిన నోరు. బొమ్మను చదవనివాడు దొరకడు, వెడల్పు అడిగినవాడు దొరికిపోతాడు. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ సపోర్ట్‌లో కూచున్న కుర్రాడు స్టాక్ ట్రేస్ అడుగు దాకా తవ్వినా అందులో ‘ఫార్మాట్’ అన్న మాట కనబడదు.

పోనీ, నీకు ఏమేం వచ్చో చెప్పమ్మా అని ముందే అడిగే వీలుంది. అడిగితే ఇమేజ్‌ఐఓ 16 పేర్లు గడగడా వల్లిస్తుంది. మురిసిపోయే ముందు జాబితా కాస్త తేరిపార చూడాలి. జేపెగ్ ఒక్కటే నాలుగు సార్లు: మూడక్షరాల జేపీజీ, నాలుగక్షరాల జేపీఈజీ, మళ్ళీ ఆ రెండూ పెద్దబడిలో ఒకసారి, చిన్నబడిలో ఒకసారి. టిఫ్‌దీ అదే కథ, నాలుగు. మిగతావి తలా రెండు. ఓటర్ల జాబితాలో ఒకే మనిషి ఇంటిపేరు ముందు పెట్టుకుని ఒకసారి, వెనక పెట్టుకుని ఒకసారి కనబడ్డట్టు. దొంగ ఓట్లు కొట్టేస్తే మిగిలేది ఆరుగురు. జేపెగ్, పీఎన్‌జీ, జిఫ్, బీఎంపీ, టిఫ్. ఆరోవాడు డబ్ల్యూబీఎంపీ.

డబ్ల్యూబీఎంపీ ఎవరో తెలియకపోతే అది మీ తప్పు కాదు. చేతి ఫోన్లకు నలుపు తెలుపు తెరలున్న రోజుల్లో, వాటిలోకి ఇంటర్నెట్ తెస్తామని నోకియా, ఎరిక్సన్, మోటరోలా, అన్‌వైర్డ్ ప్లానెట్ కలిసి 1997లో వాప్ ఫోరం పెట్టాయి. ఆ వాప్ తెరల కోసం పుట్టిన బొమ్మ ఇది. చుక్కకు ఒక బిట్. నలుపు, లేదా తెలుపు. రంగు లేదు, బూడిద ఛాయ కూడా లేదు, కుదింపు అసలే లేదు. జావాకు చేతి ఫోన్ల మీద మోజు ముదిరిన 2004లో, 5వ వెర్షన్ దీన్ని అక్కున చేర్చుకుంది. తర్వాత వాప్ పోయింది. ఆ ఫోన్లు పోయాయి. డబ్ల్యూబీఎంపీ మాత్రం జావా నడింట్లో మంచమేసుకుని కూచుంది. ఇవాళ పేరున్న బ్రౌజర్లన్నీ చూపించే వెబ్‌పీని గూగుల్ 2010లో తెచ్చింది. 2023లో వచ్చిన జావా 21 తలుపు తట్టినా దానికి లోపలి నుంచి దొరికిన జవాబు నల్.

అన్నట్టు, ఇమేజ్‌ఐఓ పుట్టకముందు నుంచీ జావాలో ఏడబ్ల్యూటీ అని ఒక పెద్దన్న ఉన్నాడు, ఆయన కూడా బొమ్మలు చదువుతాడు. ఆయనకు ఎక్స్‌బీఎం వచ్చు. అది యునిక్స్ కాలపు బొమ్మ. ఫైలు తెరిస్తే లోపల కనబడేది సీ భాషలో రాసిన కోడ్. తమ్ముడికి ఎక్స్‌బీఎం రాదు. తమ్ముడికి బీఎంపీ వచ్చు, అన్నకు రాదు. కాపురం ఒక్క ఇంట్లోనే.

జిఫ్ సంగతి ఇంకా ముచ్చటైనది. మొదట్లో ఇమేజ్‌ఐఓ జిఫ్‌ను చదివేదే కానీ రాసేది కాదు. జిఫ్ లోపలి ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపు మీద యూనిసిస్ కంపెనీకి పేటెంట్ ఉండేది, భయపడటం సహజం. ఆ పేటెంట్ అమెరికాలో 2003 జూన్‌లో ముగిసింది. జావా జిఫ్ రాయడం మొదలుపెట్టింది 2006 డిసెంబరులో, 6వ వెర్షన్‌తో. చావు కబురు చల్లగా అందడం అంటే ఇదే.

సరే, డబ్ల్యూబీఎంపీ అనే మహారాజును గద్దె మీద కూచోబెట్టడానికి ‘అరుదైనవి’ అని గేటు బయట నిలబెట్టినవాళ్ళెవరో చూద్దాం.

టిఫ్‌ను ఆల్డస్ కంపెనీ 1986లో ప్రచురించింది. కాగితాలు స్కాన్ చేసి దాచుకునే ఆఫీసులకు దశాబ్దాలుగా అదే ఆధారం. జావా దాన్ని ఇంటి బిడ్డగా ఒప్పుకున్నది 2017 సెప్టెంబరులో, 9వ వెర్షన్‌తో. అంతదాకా సన్ వాళ్ళు విడిగా ఇచ్చిన అదనపు మూటను వెతుక్కుని తగిలించుకోవలసిందే. 31 ఏళ్ళ నిరీక్షణ. వాప్ బొమ్మకు, ఫోరం పెట్టిన ఏడేళ్ళకే పీట పడింది.

ఆ 31 ఏళ్ళలో తెలుగువాళ్ళకు నేరుగా తగిలిన దెబ్బ ఒకటుంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి ముందుండి నడిపిన మిలియన్ బుక్ ప్రాజెక్టు మన దగ్గర డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో సాగింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ దానికొక పెద్ద స్కానింగ్ కేంద్రం. వేలాది పాత తెలుగు పుస్తకాలు, పేజీకొక ఫైలు చొప్పున అందులోకి ఎక్కాయి. ప్రతి పేజీ ఒక టిఫ్. లోపల గ్రూప్ 4 కుదింపు, అంటే ఫ్యాక్స్ యంత్రాల కోసం 1984లో ఖరారైన పద్ధతి. తెల్లకాగితం మీది నల్లక్షరానికి అది చక్కగా సరిపోతుంది; ఎంచుకున్నవాళ్ళు తెలివిగానే ఎంచుకున్నారు. తీరా పుస్తకం చదువుదామని వస్తే బ్రౌజర్ మొహం చాటేసింది, టిఫ్ చూపించడం దానికి రాదు. ప్లగిన్ వేసుకోమన్నారు. ఆ తంటా ఎందుకు, పేజీలన్నీ దించి ఒక్క పీడీఎఫ్‌గా కుట్టుకుందామని జావాలో చిన్న ప్రోగ్రాం రాయబోయినవాడికి మొదటి పేజీకి నల్. రెండో పేజీకి నల్. ముందుమాట నల్, విషయసూచిక నల్, అచ్చుతప్పుల పట్టిక కూడా నల్. సరిగ్గా ఆ క్షణాన అదే కంప్యూటర్‌లో అదే జావా, ఎక్కడైనా ఒక వాప్ బొమ్మ తగిలితే చదివేద్దామని కళ్ళల్లో వత్తులు వేసుకుని కూచుంది.

హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహాల బొమ్మలను జియోటిఫ్‌గా ఇస్తుంది. అదీ టిఫే, అక్షాంశ రేఖాంశాలు అదనం. ఆకాశం నుంచి చూసిన గోదావరి కూడా 2017 దాకా జావాకు అరుదైన వస్తువే.

సినిమా మాటకొద్దాం. హాలీవుడ్ స్టూడియోలు కూడబలుక్కుని 2005లో రాసుకున్న డీసీఐ ప్రమాణం ప్రకారం, డిజిటల్ ప్రొజెక్టర్‌కు వెళ్ళే సినిమా అంటే వరసగా పేర్చిన జేపెగ్ 2000 బొమ్మలు. సెకనుకు 24. రెండున్నర గంటల మన సినిమాకు లెక్క వేస్తే 2,16,000 బొమ్మలు. ఆ ప్రమాణం పాటించే హాల్లో హీరో తెర మీదికి నడిచొచ్చేటప్పుడు కాగితాలు చించి ఎగరేసేది జేపెగ్ 2000 మీదే. జావాను అడిగి చూడండి, ఆయనెవరో తెలియనే తెలియదంటుంది. తెలియదని కూడా అనదులెండి, అదే కదా మన గొడవ.

ఇక గుంటూరులోనో వరంగల్‌లోనో సీటీ స్కాన్ తీయించుకుంటే ఫిల్ముతో పాటు కవర్లో పెట్టిచ్చే సీడీ. అందులో ఉండేది డైకామ్. ప్రమాణం ఆ పేరుతో 1993 నుంచీ ఉంది. ఫైలు మొదట్లో 128 బైట్లు ఊరికే వదిలేసి, ఆ తర్వాత తన పేరు ముద్ర వేసుకుంటుంది. ఆ 128 బైట్లు దాటి తొంగిచూసే ఓపిక ఇమేజ్‌ఐఓకు లేదు. దాంతో ఊళ్ళోవాళ్ళ పుర్రెలూ వెన్నెముకలూ అన్నీ నల్.

వాడకాన్ని బట్టి చూస్తే ఇవేవీ అరుదైనవి కావు. పుస్తకం, సినిమా, నేల, ఒళ్ళు. ఇంతకంటే మామూలు సంగతులు మనిషి బతుకులో ఏమున్నాయి? లైబ్రరీ రాసేనాడు మోజు దేని మీద ఉందో అది మామూలుదైంది, మిగతాదంతా అరుదైంది. ఒకసారి ఆ ముద్ర పడ్డాక చెరపడానికి ఎవరికీ తీరిక లేదు.

మామూలు పేరు పెట్టుకున్నంత మాత్రాన గండం గడిచిందనుకోవద్దు. ఫ్లెక్సీ డిజైనర్ పంపిన జేపెగ్ తీసుకోండి. ప్రింటుకు పోయే సరుకు కాబట్టి నాలుగు సిరాల లెక్కలో, సీఎంవైకేలో సేవ్ చేసి ఉంటాడు. దాన్ని జావాకిస్తే ‘అన్‌సపోర్టెడ్ ఇమేజ్ టైప్’ అని ఎక్సెప్షన్. చదవలేదు సరే, చూశారా, నోరు తెరిచి చెప్పింది! ఇక్కడ పెగిలిన గొంతు అక్కడ ఎందుకు పెగల్లేదో ఆ మహానుభావులకే తెలియాలి.

రాసే వైపు కూడా ఇదే సంప్రదాయం. పారదర్శక పొర ఉన్న బొమ్మను జేపెగ్‌గా రాయమని కొత్త వెర్షన్లను అడిగితే కుదరదు, జేపెగ్‌లో పారదర్శకతకు చోటు లేదు. ఆ ముక్క చెబితే అయిపోయేది. చెప్పదు. ‘ఫాల్స్’ అని ఒక జవాబు చేతిలో పెట్టి ఊరుకుంటుంది. దాన్ని చూసే అలవాటు ఎవరికీ లేదు కాబట్టి పని అయిందనే అనుకుంటాం.

ఐఫోన్ 2017లో ఐఓఎస్ 11 నుంచి ఫోటోలను హెచ్‌ఈఐసీగా దాస్తోంది. చోటు కలిసొస్తుంది, లోపలి హెచ్‌ఈవీసీ కోడెక్ చుట్టూ పేటెంట్ల ముళ్ళకంచె కూడా కలిసొస్తుంది. ఉద్యోగానికి దరఖాస్తు చేసుకునే అమ్మాయి ఆ ఫోటోను కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటుంది. ఫారం ‘జేపీజీ మాత్రమే’ అంటుంది. నెట్ సెంటర్ అన్న చిటికెలో ఉపాయం చెబుతాడు: ‘పేరు చివర జేపీజీ అని మార్చెయ్ చెల్లెమ్మా.’ ఫారం పేరు మాత్రమే చూస్తుంది, రానిస్తుంది. లోపల ఇమేజ్‌ఐఓ పేరును లెక్కచేయదు, ఫైలులోని మొదటి బైట్లు చూస్తుంది. ఈ ఒక్క విషయంలో దాని బుద్ధిని మెచ్చుకోవాలి. చూసి, ఇది నాకొచ్చింది కాదని గ్రహించి, ఆ గ్రహింపు ఎవరితోనూ పంచుకోకుండా నల్ పెట్టి జారుకుంటుంది. అమ్మాయికి తెర మీద కనబడేది: సాంకేతిక కారణాల వల్ల అంతరాయం, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి. కాసేపాగితే హెచ్‌ఈఐసీ జేపెగ్ అయిపోతుందా? గడువు తేదీ అయిపోతుంది.

జావా తరఫు వకీళ్ళకు ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటేస్తే అన్యాయం. ఫార్మాట్‌ను చదివే ప్రతి డీకోడరూ దొంగకు ఒక కిటికీయే. 2021 సెప్టెంబరులో సిటిజన్ ల్యాబ్ బయటపెట్టిన ఫోర్స్‌డ్‌ఎంట్రీ దాడి చదివితే ఎవరికైనా ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పెగసస్ గూఢచారి సాఫ్ట్‌వేర్‌ను ఐఫోన్‌లోకి దించడానికి పంపిన ఫైలు పేరు చివర జిఫ్ అని ఉంది. లోపలున్నది పీడీఎఫ్. ఆ పీడీఎఫ్‌లో జేబిగ్2 అని, స్కాన్ చేసిన కాగితాలను కుదించే ఒక పాత పద్ధతిలో పెట్టిన బొమ్మ. అది నిజానికి బొమ్మే కాదు. దాని డీకోడర్‌లో ఉన్న ఒక లోపాన్ని పట్టుకుని, బొమ్మ ముక్కల్ని కలపడానికి ఇచ్చిన ఆదేశాలనే 70,000కు పైగా పేర్చి, డీకోడర్ కడుపులోనే ఒక చిన్న కంప్యూటర్ కట్టేశారు. ఫోన్ యజమాని దేన్నీ నొక్కనక్కర్లేదు. నూటికి తొంభై తొమ్మిది మంది పేరు కూడా వినని ఫార్మాట్, అడక్కుండా చదివి పెట్టినందుకు దక్కిన ఫలం. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ లైబ్రరీలో కన్నం బయటపడితే క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌తో సహా బ్రౌజర్లన్నీ పరుగున అతుకులు వేసుకున్నాయి.

కాబట్టి దారినపోయే ప్రతి ఫార్మాట్‌నూ నట్టింట్లోకి పిలవమని నేననను. కానీ వకీలు గారూ, జాగ్రత్తే మీ వ్రతమైతే ఆ వాప్ కిటికీ ఇన్నేళ్ళుగా బార్లా ఎందుకు తెరిచి ఉంది? పైగా దానికి తనదంటూ ముద్రైనా లేదు. పీఎన్‌జీకి ఎనిమిది బైట్ల ముద్ర ఉంది, జిఫ్ తన పేరే మొదట రాసుకుంటుంది. డబ్ల్యూబీఎంపీ రెండు సున్నాలతో మొదలవుతుంది, అంతే. విండోస్ ఐకాన్ ఫైళ్ళూ రెండు సున్నాలతోనే మొదలవుతాయి, టీజీఏ బొమ్మలు చాలావరకూ అంతే. వచ్చిన ఫైలు ఏ రకమో తేల్చడానికి తర్వాతి కొలతలు చూసి బేరీజు వేసుకోవాలి. ఇంత అనుమానపు మనిషిని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు భద్రత గురించి మాట్లాడుతున్నారు. అయినా, ‘ఈ ఫార్మాట్ నాకు రాదు’ అన్న వాక్యంలో ఏ దొంగ దూరతాడు?

దారి లేదా అంటే ఉంది. ట్వెల్వ్‌మంకీస్ అనే ఉచిత లైబ్రరీ వెబ్‌పీ, ఫోటోషాప్ పీఎస్‌డీ, టీజీఏ, పీసీఎక్స్, సీఎంవైకే జేపెగ్ లాంటివన్నీ ఇమేజ్‌ఐఓకు నేర్పుతుంది. జార్ ఫైలు తెచ్చి క్లాస్‌పాత్‌లో పడేస్తే చాలు, మీ కోడ్‌లో అక్షరం మార్చక్కర్లేదు. చేసినవాళ్ళకు దండం పెట్టాలి. జావా చేసిన ఏర్పాటు మాత్రం మళ్ళీ మౌనానిదే. ఏ ప్లగిన్ ఉందో జార్ లోపలి ఒక చిన్న సర్వీసుల ఫైలులో రాసి ఉంటుంది. అన్ని జార్‌లనూ కలిపి ఒకే పెద్ద జార్‌గా కట్టేటప్పుడు, ఒకే పేరున్న ఆ చిన్న ఫైళ్ళను జాగ్రత్తగా కలపకపోతే ఒకటి మరోదాన్ని తుడిచేస్తుంది. బిల్డ్ పచ్చగా వెలుగుతుంది. టెస్టులు పాసవుతాయి. ప్రొడక్షన్‌కు వెళ్ళాక ప్లగిన్ మాయం, మళ్ళీ నల్. ‘నా మెషిన్‌లో వస్తోంది అన్నా’ అన్న కుర్రాడు అబద్ధం ఆడలేదు పాపం. అతని మెషిన్‌లో నిజంగానే వస్తోంది.

పొరుగిళ్ళలో పరిస్థితి స్వర్గమేమీ కాదు. గో భాషలో పీఎన్‌జీ ప్యాకేజీని గుర్తుపెట్టుకుని ఇంపోర్ట్ చేయకపోతే పీఎన్‌జీ కూడా అపరిచితుడే. కాకపోతే ‘తెలియని ఫార్మాట్’ అని ఎర్రర్ ఇచ్చి చెబుతుంది. పైథాన్‌తో పాటు వచ్చే ఇమేజ్‌హెచ్‌డీఆర్ అనే మాడ్యూల్ బొమ్మ ఏ రకమో పేరు చెప్పేది, తెరిచేది కాదు. దాన్ని 2024లో 3.13 వెర్షన్‌లో ఇంట్లోంచి పంపించేశారు. బొమ్మలు తెరవడానికి అక్కడ అందరూ నమ్ముకున్నది పిల్లో. ఫ్రెడ్రిక్ లుంద్ 1995లో మొదలుపెట్టిన పిల్ అనే లైబ్రరీ 2009 తర్వాత కదలకుండా ఆగిపోతే, దాన్నుంచి చీల్చి బతికించిన కొమ్మ అది. పీసీఎక్స్, టీజీఏ, ఎస్‌జీఐ, కొడాక్ ఫోటో సీడీ, ఎవరూ అడగని సన్ రాస్టర్ కూడా చదువుతుంది. చదవలేకపోతే, ఈ ఫైలును గుర్తుపట్టలేకపోయానని ఫైలు పేరుతో సహా ఎక్సెప్షన్ విసురుతుంది. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఏమంత పాండిత్యం కావాలి?

నల్ బదులు ఎక్సెప్షన్ ఇవ్వరాదా అని జావా పెద్దల్ని అడిగితే, పాత ప్రోగ్రాములు విరిగిపోతాయంటారు. నల్‌ను నమ్ముకుని బతుకుతున్న కోడ్ ఎక్కడో ఉంటుందట. ఉండొచ్చు, కాదనను. కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి. రెండే లైన్లు: బొమ్మ నల్ అయితే, ఏ ఫైలో పేరు రాసి, ఫార్మాట్ తెలియలేదని చెప్పు. హైటెక్ సిటీ నుంచి మధురవాడ దాకా ఎన్ని వేల చోట్ల ఆ మెథడ్‌ను పిలుస్తున్నారో, అందులో ఎన్ని చోట్ల ఆ రెండు లైన్లు ఉన్నాయో కోడ్ రివ్యూలు చేసేవాళ్ళు గుండెల మీద చెయ్యేసుకుని చెప్పాలి. అడిగితే టికెట్ వేశామంటారు. వేశారు, నిజమే. తీవ్రత: లో. స్థితి: ఓపెన్. కింద మేనేజర్ కామెంట్: ‘ఎర్రర్ స్క్రీన్‌షాట్ జతచేయగలరు.’ జతచేశారు. వెబ్‌పీలో.